ఎక్స్‌క్లూజివ్ క్రియేట్ ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు ప్రవర్తిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

వైర్డ్‌టైగర్ లాంటి స్టోరేజ్ ఇంజిన్‌ని (డేటాని డిస్కు మీద దాచి, తిరిగి తెచ్చిచ్చే భాగాన్ని) తమ ప్రోగ్రామ్‌లో నేరుగా కలుపుకుని వాడేవాళ్ళ కోసం, అలాంటి ఇంజిన్ కోడ్‌లో చెయ్యి పెట్టేవాళ్ళ కోసం ఈ పేజీ. ఎస్‌క్యూఎల్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు పనికొచ్చే ప్రశ్నలు కూడా కొన్ని మధ్యలో ఉన్నాయి.

ఎక్స్‌క్లూజివ్ క్రియేట్ అంటే అసలేమిటి?

"ఈ పేరుతో ఒక టేబుల్ తయారుచెయ్యి. ఆ పేరుతో ముందే ఏదైనా ఉంటే దాన్ని ముట్టుకోకు, ఉందని నాకు చెప్పు" అని ఇంజిన్‌ని అడగడం. వైర్డ్‌టైగర్‌లో సెషన్ క్రియేట్ కాల్‌కి ఎక్స్‌క్లూజివ్ ఆప్షన్ ట్రూ అని ఇస్తే, ఆ పేరు ముందే ఉన్నప్పుడు ఈఎగ్జిస్ట్ అనే ఎర్రర్ రావాలి. లినక్స్‌లో దాని నంబరు 17. సున్నా వచ్చిందంటే ఆ టేబుల్‌ని ఇప్పుడే, మీరే పుట్టించారని అర్థం.

ఆ ఒక్క హామీ మీద చాలా పనులు నిలబడతాయి. మొదటిసారి డేటా నింపే బాధ్యత ఎవరిది, టేబుళ్ళ నిర్మాణాన్ని మార్చే మైగ్రేషన్‌ని ఏ ప్రాసెస్ నడపాలి, ఈ తాత్కాలిక టేబుల్ నాదేనా వేరే పనిదా అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే దొరుకుతుంది. అందుకే ఈ హామీ ఒక రకం ఆబ్జెక్ట్‌కి ఉండి ఇంకో రకానికి లేకపోతే, పైన కట్టినదంతా ఎక్కడ జారుతుందో కనిపెట్టడం కష్టం.

ఈ ఆప్షన్ ఎక్కడినుంచి వచ్చింది?

యూనిక్స్ ఓపెన్ కాల్ నుంచి. ఓ_క్రియాట్, ఓ_ఎక్స్‌క్ల్ ఫ్లాగులు రెండూ కలిపి ఇస్తే, ఫైలు ఉందా అని చూడటం, లేకపోతే తయారుచేయడం మధ్యలో ఇంకెవరూ దూరలేని ఒకే పనిగా జరుగుతాయి. ఆ పేరుతో సింబాలిక్ లింక్ ఉన్నా సరే, అది ఎటు చూపిస్తున్నా సరే, కాల్ విఫలమవుతుంది. బర్క్‌లీ డీబీ అనే పాత డేటాబేస్ లైబ్రరీలో ఇదే జత డీబీ_క్రియేట్, డీబీ_ఎక్స్‌క్ల్ పేర్లతో ఉంది. మొదటిది లేకుండా రెండోదానికి అర్థం లేదు. బర్క్‌లీ డీబీ మీద పనిచేసిన కీత్ బోస్టిక్, మైకేల్ కేహిల్ తర్వాత వైర్డ్‌టైగర్‌ని మొదలుపెట్టారు. 2014 డిసెంబరులో మాంగోడీబీ దాన్ని కొనుక్కుంది, 2015 చివర్లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి అదే మాంగోడీబీ డిఫాల్ట్ ఇంజిన్.

ఆప్షన్ ఇవ్వకపోతే ఏమవుతుంది?

డిఫాల్ట్ ఫాల్స్. టేబుల్ ముందే ఉంటే ఇంజిన్ కొత్తది తయారుచేయదు, సున్నా తిరిగిస్తుంది. మీరిచ్చిన కీ ఫార్మాట్, వాల్యూ ఫార్మాట్ పాత టేబుల్‌వాటితో సరిపోతాయో లేదో చూస్తారని అనుకోకండి. వైర్డ్‌టైగర్ పాత డాక్యుమెంటేషన్‌లో, ఆబ్జెక్ట్ ఉంటే సెట్టింగులు కలుస్తున్నాయో లేదో తనిఖీ చేస్తామని రాసి ఉండేది. తర్వాత ఆ వాక్యాన్ని మార్చి, కొత్తది చేయకుండా ఊరుకుంటామని రాశారు. పాత పేజీ చదివి గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆ తనిఖీ మీద భరోసా పెట్టుకుంటున్నారు.

ఒక్కోచోట ఒక్కోలా ప్రవర్తించే ఈ అస్థిరత సరిగ్గా ఏమిటి?

ఈ పేజీలో అసలు విషయం ఇదే. క్రియేట్ అనే కాల్ ఒక్కటే అయినా, లోపల అది పేరు ముందు భాగాన్ని బట్టి వేర్వేరు ఫంక్షన్లకు వెళ్తుంది: టేబుల్, కాలమ్ గ్రూప్ (టేబుల్‌లోని కొన్ని కాలమ్‌లను కలిపి దాచే చోటు), ఇండెక్స్, ఫైల్, పాత వెర్షన్లలో ఎల్‌ఎస్‌ఎం ట్రీ (డేటాని దాచే ఇంకో పద్ధతి), ఆపైన వాడేవాళ్ళు సొంతంగా రాసుకున్న డేటా సోర్సులు. "ముందే ఉందా?" అన్న ప్రశ్నను ఒక్కో ఫంక్షన్ ఒక్కో పద్ధతిలో అడుగుతుంది.

టేబుల్‌కీ ఫైల్‌కీ ముందుగా మెటాడేటాలో, అంటే ఏ పేరుతో ఏముందో ఇంజిన్ రాసిపెట్టుకునే జాబితాలో వెతుకుతారు. దొరికితే, ఎక్స్‌క్లూజివ్ అయితే ఈఎగ్జిస్ట్, కాకపోతే మౌనంగా సున్నా. కాలమ్ గ్రూపులకు, ఇండెక్సులకు సోర్సులో కొన్ని వెర్షన్లలో ఇంకో మెలిక కనిపిస్తుంది: ఎక్స్‌క్లూజివ్ కాకపోయినా పాత కాన్ఫిగరేషన్‌తో కొత్తదాన్ని పోల్చి, తేడా ఉంటే "ఉన్న కాన్ఫిగరేషన్‌తో కలవడం లేదు" అంటూ ఈఇన్వాల్ (నంబరు 22) ఇస్తారు. అంటే టేబుల్‌ని వేరే సెట్టింగులతో మళ్ళీ క్రియేట్ చేస్తే ఏమీ అనని ఇంజిన్, ఆ టేబుల్ మీది ఇండెక్స్‌ని అలాగే మళ్ళీ క్రియేట్ చేస్తే ఎర్రర్ ఇస్తుంది. ఎల్‌ఎస్‌ఎం దారి మరొకటి. అక్కడ ట్రీని తెరిచి చూస్తారు, తెరుచుకుంటే ఉన్నట్టే. ఆ సమయానికి ఆ ట్రీని వేరే ఆపరేషన్ తన ఒక్కదానికే పట్టుకుని ఉంటే తెరుచుకోదు, ఈబిజీ (నంబరు 16) వస్తుంది. ఆబ్జెక్ట్ ఉన్న మాట నిజం, మీకు అందే జవాబు మాత్రం "ఉంది" అని కాకుండా "ఖాళీ లేదు" అని.

సొంత డేటా సోర్స్ రాసినవాళ్ళ దగ్గరికి వస్తే, క్రియేట్ పని మొత్తం వాళ్ళ ఫంక్షన్‌దే. కాన్ఫిగరేషన్ స్ట్రింగ్ నుంచి ఎక్స్‌క్లూజివ్ విలువను తీసి చూడటం మరిచిపోతే, ఆ ఆప్షన్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే.

వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే తప్పుగా అనిపించదు. కాల్ చేసేవాడి వైపు నుంచి చూడండి: ఒకే కాల్, ఆబ్జెక్ట్ ముందే ఉందన్న ఒకే పరిస్థితి. జవాబులు మాత్రం సున్నా, 17, 22, 16. నా దృష్టిలో ఇది ఏపీఐ లోపమే. డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం చేరిస్తే తీరేది కాదు.

డిస్కు మీద ఫైలు కళ్ళెదుట ఉంది. ఎక్స్‌క్లూజివ్ క్రియేట్ అయినా సక్సెస్ అంటోంది. ఎలా?

ఎందుకంటే ఇంజిన్ అడిగింది మెటాడేటాని. పొలం ఎవరి సాగులో ఉందన్నది ఒకటి, పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందన్నది ఇంకొకటి. ఇంజిన్ పాస్‌బుక్ చూస్తుంది.

దగ్గరగా చూద్దాం. ఆర్డర్స్ అనే మామూలు టేబుల్ క్రియేట్ చేస్తే మెటాడేటాలో మూడు వరుసలు పడతాయి: టేబుల్:ఆర్డర్స్, కాల్‌గ్రూప్:ఆర్డర్స్, ఫైల్:ఆర్డర్స్.డబ్ల్యూటీ. డిస్కు మీద ఆర్డర్స్.డబ్ల్యూటీ ఫైలు తయారవుతుంది. ఇప్పుడు టేబుల్‌ని తీసేసే డ్రాప్ కాల్‌ని రిమూవ్_ఫైల్స్ ఫాల్స్ అని ఇచ్చి పిలవండి. మెటాడేటా వరుసలు పోతాయి, ఫైలు అలాగే ఉంటుంది. మళ్ళీ ఎక్స్‌క్లూజివ్‌గా ఆర్డర్స్ క్రియేట్ చేయండి. మెటాడేటాలో ఆ పేరు లేదు కాబట్టి మొదటి తనిఖీ దాటిపోతుంది. తర్వాత ఇంజిన్‌లో ఫైళ్ళ పని చూసే బ్లాక్ మేనేజర్ ఫైలును తయారుచేయబోతుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎక్స్‌క్లూజివ్‌గానే అడుగుతుంది, అక్కడ నిజంగానే ఈఎగ్జిస్ట్ వస్తుంది. ఆ ఎర్రర్ మీదాకా రాదు. ఇంజిన్ పాత ఫైలును ఆర్డర్స్.డబ్ల్యూటీ.1 అని పేరు మార్చి పక్కన పెడుతుంది, ఆ పేరు కూడా ఉంటే .2, లేదంటే .3, అలా ఖాళీ దొరికేదాకా. తర్వాత కొత్త ఫైలు తెరుస్తుంది. అనుకోని ఫైలు కనిపించింది, ఫలానా పేరుకు మార్చాం అని మెసేజ్ ఒకటి రాస్తుంది. మీకు సున్నా వస్తుంది.

ఇలా ఎందుకు చేశారో సోర్సులోని కామెంటే చెబుతుంది. స్కీమా ఆపరేషన్లు (టేబుళ్ళను తయారుచేసే, తీసేసే పనులు) ట్రాన్సాక్షన్లు కావు, అంటే సగంలో ఆగితే వాటంతటవి వెనక్కి మళ్ళవు, కాబట్టి ముందటి క్రియేట్ సగంలో ఆగి ఫైలు మిగిలిపోయి ఉండొచ్చు. పైగా ఆ డైరెక్టరీలో ఎవరైనా ఏదైనా ఫైలు పెట్టొచ్చు, దాన్ని ఆపే మార్గం లేదు. క్రాష్ తర్వాత మిగిలిన ముక్క వల్ల ఆ పేరు శాశ్వతంగా వాడుకోలేని స్థితి రాకూడదన్న ఉద్దేశం సరైనదే. ఫైలును చెరిపేయకుండా పేరు మార్చి ఉంచడం ఇంకా మంచిది, డేటా పోదు.

చిక్కల్లా ఆ మెసేజ్‌ని ఎవరూ చూడకపోవడం. ఆ .1, .2 ఫైళ్ళు మెటాడేటాలో లేవు కాబట్టి బ్యాకప్ కర్సర్ ఇచ్చే జాబితాలోకి రావు, ఫైళ్ళలో ఖాళీ జాగాను తగ్గించే కంపాక్ట్ వాటిని తాకదు, డిస్కు మాత్రం తింటూ ఉంటాయి. డేటా డైరెక్టరీలో ఇలా చివర అంకె ఉన్న ఫైళ్ళు కనిపిస్తే, తీసేసేముందు లాగ్‌లో ఆ మెసేజ్ ఎప్పుడు పడిందో వెతకండి. మీరు పారేయబోతున్నది ఎవరో రిమూవ్_ఫైల్స్ ఫాల్స్ అని కావాలని దాచుకున్న డేటా కావచ్చు.

ఇంపోర్ట్ ఆప్షన్ వాడితే?

ముందే ఉన్న ఫైలును టేబుల్‌గా చేర్చుకోమని అడగడం అది. అక్కడ లెక్క తిరగబడుతుంది. ఫైలు ఉండి తీరాలి, మెటాడేటాలో పేరు ఉండకూడదు. పేరు ఉంటే, ఎక్స్‌క్లూజివ్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఈఎగ్జిస్టే. మౌనంగా సున్నా తిరిగిస్తే, ఇంపోర్ట్ చేశామనుకున్న డేటా ఎప్పటికీ కనిపించదు కాబట్టి ఈ కఠినత్వం న్యాయమైనది.

రెండు థ్రెడ్లు ఒకేసారి ఎక్స్‌క్లూజివ్ క్రియేట్ చేస్తే ఇద్దరికీ సక్సెస్ రావచ్చా?

వైర్డ్‌టైగర్‌లో రాకూడదు. క్రియేట్ పని స్కీమా లాక్ కింద జరుగుతుంది, కాబట్టి వెతకడానికీ రాయడానికీ మధ్య ఇంకో థ్రెడ్ దూరలేదు. రెండో ప్రాసెస్ సంగతి వైర్డ్‌టైగర్.లాక్ ఫైలు చూసుకుంటుంది.

ఇంజిన్ సొంతంగా రాసుకునేవాళ్ళు తడబడేది ఇక్కడే. వెతకడాన్ని లాక్ బయట పెట్టి, రాయడాన్ని లోపల పెడితే కోడ్ చదవడానికి బాగానే ఉంటుంది, టెస్టులు కూడా పాసవుతాయి. లోడ్ పెరిగిన రోజున ఇద్దరికీ "నువ్వే మొదటివాడివి" అన్న జవాబు వెళ్తుంది. వెతకడం మానేసి నేరుగా ఇన్సర్ట్ చేసి, డూప్లికేట్ కీ వస్తే దాన్ని ఈఎగ్జిస్ట్‌గా మార్చడం ఇంతకంటే గట్టి పద్ధతి.

ఎస్‌క్యూఎల్‌లో ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ రాస్తాం కదా, అక్కడ ఈ బాధలు లేవా?

ఉన్నాయి. ముందుగా, ఎస్‌క్యూఎల్‌లో డిఫాల్ట్ తిరగబడి ఉంటుంది. మామూలు క్రియేట్ టేబులే ఎక్స్‌క్లూజివ్, సడలింపు కావాలంటే ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ అని మీరు రాయాలి. ఇదే మంచి డిఫాల్ట్ అని నా అభిప్రాయం.

పోస్ట్‌గ్రెస్‌లో ఈ వాక్యం క్రియేట్ టేబుల్‌కి 2011లో వచ్చిన 9.1 వెర్షన్‌తో చేరింది. ఉన్న టేబుల్ మీరు అడిగినట్టే ఉందన్న హామీ ఏదీ లేదని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. మైఎస్‌క్యూఎల్ మాన్యువల్‌లోనూ అదే మాట. ఇక పోస్ట్‌గ్రెస్‌లో రెండు కనెక్షన్లు ఒకే క్షణంలో క్రియేట్ టేబుల్ ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ నడిపితే, ఒకదానికి "ఉంది, వదిలేస్తున్నా" అన్న నోటీసు రావాల్సింది పోయి, పీజీ_టైప్ కేటలాగ్ (పోస్ట్‌గ్రెస్ లోపలి జాబితాల్లో ఒకటి) మీది యూనిక్ ఇండెక్స్‌లో డూప్లికేట్ కీ అన్న ఎర్రర్ రావచ్చు. కోడ్ 23505. టేబుల్ ముందే ఉంటే వచ్చే కోడ్ 42పీ07. అప్లికేషన్ మూడు నాలుగు కాపీలుగా ఒకేసారి లేచే చోట, ప్రతి కాపీ తన టేబుళ్ళు తానే తయారుచేసుకునే చోట ఇది అరుదేమీ కాదు. మైగ్రేషన్‌ని ఒకే చోట నడపండి, లేదా అడ్వైజరీ లాక్ (ప్రోగ్రాములు తమలో తాము ఒప్పుకుని వాడుకునే లాక్) తీసుకుని నడపండి. రెండు కోడ్‌లనూ పట్టుకుని ముందుకెళ్ళడం కంటే అది శుభ్రం.

ఎస్‌క్యూలైట్‌లో ఇంకో చిన్న మూల ఉంది: అదే పేరుతో ఇండెక్స్ ఉంటే ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ రాసినా ఎర్రర్ వస్తుంది.

మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ లేదంటుంది, క్రియేట్ చేయబోతే ఉందంటుంది. ఇదీ అలాంటిదేనా?

అవును, ఇంకా ముదిరిన రూపం. 5.7 వరకు టేబుల్ వివరాలు ఎఫ్‌ఆర్‌ఎం ఫైలులో ఒకసారి, మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ సొంత డిక్షనరీలో ఇంకోసారి ఉండేవి. డ్రాప్ మధ్యలో సర్వర్ పడిపోతే రెండూ విడిపోయేవి. ఎఫ్‌ఆర్‌ఎం పోయి ఇన్నోడీబీ వరుస మిగిలితే, షో టేబుల్స్‌లో కనిపించని టేబుల్ క్రియేట్ దగ్గర ముందే ఉందని అడ్డుపడేది. డేటా ఉండే ఐబీడీ ఫైలు ఒక్కటే మిగిలితే, టేబుల్ ముందే ఉందని చెప్పే 1050కి బదులు 1813, అంటే టేబుల్‌స్పేస్ ఉందన్న ఎర్రర్. 2018లో విడుదలైన 8.0లో ఎఫ్‌ఆర్‌ఎం ఫైళ్ళు తీసేసి, డిక్షనరీ మొత్తాన్ని ఇన్నోడీబీ ట్రాన్సాక్షన్ కిందకు తెచ్చారు. సరైన చికిత్స అదే: ఒకే రిజిస్టర్, దాన్ని మార్చే పని అయితే మొత్తం, లేకపోతే అసలు లేదు.

లెవెల్‌డీబీ, రాక్స్‌డీబీలలో?

ఇవి కీ-వాల్యూ స్టోరేజ్ ఇంజిన్లు. అక్కడ రెండు ఆప్షన్లు విడివిడిగా ఉన్నాయి: క్రియేట్_ఇఫ్_మిస్సింగ్, ఎర్రర్_ఇఫ్_ఎగ్జిస్ట్స్. డిఫాల్ట్‌గా రెండూ ఫాల్స్. విడదీయడం వల్ల ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తుంది, అది నాకు నచ్చుతుంది. నచ్చనిది, డేటాబేస్ లేకపోయినా, ఉండకూడని చోట ఉన్నా లెవెల్‌డీబీ ఇచ్చేది ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అనే ఒకే స్టేటస్. తేడా తెలియాలంటే మెసేజ్‌లోని అక్షరాలు చదువుకోవాలి.

ఎక్స్‌క్లూజివ్ క్రియేట్, ఎక్స్‌క్లూజివ్ లాక్ ఒకటేనా?

కాదు. మొదటిది పేరు కొత్తదేనన్న హామీ, క్రియేట్ పూర్తవగానే దాని పని అయిపోతుంది. తర్వాత ఆ టేబుల్‌ని ఎవరైనా తెరవొచ్చు. ఎస్‌క్యూలైట్ వాళ్ళు తమ ఓపెన్_ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్ గురించి ఈ మాట డాక్యుమెంటేషన్‌లో ప్రత్యేకంగా రాశారు, అంతమంది పొరపాటు పడతారన్నమాట.

క్రియేట్ చేశాక జవాబు అందేలోపు ప్రాసెస్ పడిపోయింది. మళ్ళీ ప్రయత్నిస్తే ఈఎగ్జిస్ట్. ఆ టేబుల్ నాదా, వేరేవాళ్ళదా?

ఈఎగ్జిస్ట్ ఒక్కదాన్ని చూసి చెప్పలేం. క్రియేట్ చేసేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి. వైర్డ్‌టైగర్‌లో యాప్_మెటాడేటా అనే ఆప్షన్ ఇందుకు పనికొస్తుంది. మీ పనికి ఒక ప్రత్యేకమైన ఐడీ తయారుచేసి, దాన్ని అక్కడ పెట్టి క్రియేట్ చేయండి. ఈఎగ్జిస్ట్ వస్తే మెటాడేటా కర్సర్‌తో ఆ వరుస చదవండి. ఐడీ మీదైతే పని కొనసాగించండి, కాకపోతే ఆగండి. ఈ ఐడీని ప్రాసెస్ మొదలైనప్పుడు కొత్తగా పుట్టిస్తే ఉపయోగం లేదు. క్రాష్ తర్వాత కూడా అదే ఐడీ దొరకాలి, అంటే ఆ పనిని అప్పగించిన చోటి నుంచి రావాలి.

ఎర్రర్ వస్తే డ్రాప్ చేసి మళ్ళీ క్రియేట్ చేసే రీట్రై కోడ్ చాలా చోట్ల కనిపిస్తుంది. దయచేసి అది రాయకండి. డ్రాప్‌కి ఫోర్స్ ఆప్షన్ కూడా తగిలిస్తే టేబుల్ లేకపోయినా సక్సెస్ అంటుంది, అప్పుడు ఎవరి టేబుల్‌ని ఎవరు తీసేశారో చెప్పే ఎర్రర్ ఒక్కటి కూడా మిగలదు.

ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) మీద డేటా డైరెక్టరీ పెట్టవచ్చా?

క్రియేట్ హామీ వరకు చూస్తే, లినక్స్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ 3 లేదా ఆపై వెర్షన్, కెర్నెల్ 2.6 లేదా ఆపైది అయితేనే ఓ_ఎక్స్‌క్ల్ పనిచేస్తుంది. పాత రోజుల్లో ప్రత్యేకమైన పేరుతో ఫైలు చేసి, లింక్ కాల్‌తో అసలు పేరుకు ముడిపెట్టి, లింక్ కౌంట్ 2 అయిందా అని చూసేవాళ్ళు. స్థానిక డిస్కు మీద కూడా ఒక జాగ్రత్త ఉంది: కొత్త ఫైలుకు ఎఫ్‌సింక్ (రాసింది డిస్కులోకి చేరేలా చూసే కాల్) చేస్తే దాని పేరు డైరెక్టరీలో పదిలమైనట్టు కాదు, డైరెక్టరీకి కూడా ఎఫ్‌సింక్ చెయ్యాలి.

మా ఇంజిన్‌లో ఈ అస్థిరతను సరిచేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

తనిఖీని ఒక్కో రకం ఫంక్షన్‌లోంచి తీసి, క్రియేట్ కాల్ మొదట్లో, స్కీమా లాక్ తీసుకున్న వెంటనే, ఒకే చోట పెట్టండి. ఏ రకం ఆబ్జెక్ట్ అయినా అదే మెటాడేటాని, అదే తీరులో అడగాలి. సొంత డేటా సోర్సులకు కూడా ఇంజినే ముందు అడిగి, తర్వాతే వాళ్ళ ఫంక్షన్‌ని పిలవాలి.

తర్వాత పొరల సంగతి. టేబుల్ క్రియేట్ లోపల కాలమ్ గ్రూప్ క్రియేట్, దాని లోపల ఫైల్ క్రియేట్ జరుగుతాయి. ఎక్స్‌క్లూజివ్ అన్న మాట పై పొర నుంచి అట్టడుగు దాకా అందాలి. అందకపోతే, టేబుల్ పేరు కొత్తదే అయినా దాని కింద ఎప్పుడో ఎవరో నేరుగా తయారుచేసుకున్న ఫైలు దొరికి, కొత్త టేబుల్ పాత డేటా మీద కూర్చుంటుంది. వాల్యూ ఫార్మాట్ కలవక చదివేటప్పుడు చెత్త వస్తే, ఆ తప్పును క్రియేట్ దాకా వెనక్కి తీసుకెళ్ళడం ఎవరికీ తోచదు.

ఎక్స్‌క్లూజివ్ కానప్పుడు కాన్ఫిగరేషన్ పోల్చాలా వద్దా అన్నది మీ నిర్ణయం. పోల్చదలిస్తే స్ట్రింగ్‌లను అక్షరానికి అక్షరం పోల్చకండి. కొత్త వెర్షన్‌లో ఒక డిఫాల్ట్ ఆప్షన్ చేరినా పాత స్ట్రింగ్‌తో తేడా వచ్చి, అప్‌గ్రేడ్ అయిన రోజునే ఎర్రర్లు మొదలవుతాయి. కీ ఫార్మాట్, వాల్యూ ఫార్మాట్ లాంటి, డేటా చదవడానికి అడ్డొచ్చేవాటిని మాత్రం పోల్చండి, అన్ని రకాలకూ ఒకేలా.

మౌనంగా సున్నా వచ్చే చోట ఇప్పుడు ఎర్రర్ రావడం మొదలైతే, తెలియకుండా దానిమీద ఆధారపడిన ప్రోగ్రాములు విరుగుతాయి. విడుదల నోట్స్‌లో ఆ మార్పును పైన రాయండి, ఏ కాల్‌కి ఏ కోడ్ వచ్చేది, ఇప్పుడేది వస్తుంది అని రెండూ పక్కపక్కన చూపిస్తూ.

ఏయే టెస్టులు ఉండాలి?

ప్రతి ఆబ్జెక్ట్ రకానికీ ఇదే వరుస నడపండి: లేనప్పుడు ఎక్స్‌క్లూజివ్ క్రియేట్, ఉన్నప్పుడు ఎక్స్‌క్లూజివ్ క్రియేట్, ఉన్నప్పుడు మామూలు క్రియేట్ అదే కాన్ఫిగరేషన్‌తో, వేరే కాన్ఫిగరేషన్‌తో. కర్సర్ ఒకటి తెరిచి ఉంచి మళ్ళీ. కనెక్షన్ మూసి తెరిచి మళ్ళీ. ఫైలు మిగిల్చి మెటాడేటా తీసేసి ఒకసారి, మెటాడేటా ఉంచి ఫైలు తీసేసి ఒకసారి. రకాలన్నిటికీ జవాబుల పట్టిక ఒకటే అవ్వాలి. ఏదైనా గడి తేడాగా ఉంటే దానికి కారణం టెస్టు పక్కనే కామెంట్‌గా రాసి ఉండాలి.

తర్వాత అనేక థ్రెడ్లతో ఒకే పేరు మీద ఎక్స్‌క్లూజివ్ క్రియేట్, మధ్యమధ్య డ్రాప్ లేకుండా. సున్నా వచ్చిన థ్రెడ్ ఒక్కటే ఉండాలి, మిగతావన్నీ ఈఎగ్జిస్ట్. ఈబిజీ ఒక్కటి వచ్చినా టెస్ట్ ఫెయిల్ చేయండి. మళ్ళీ ప్రయత్నిస్తే సరిపోతుందిలే అని టెస్టులో రీట్రై పెడితే, మీరు పట్టుకోవాల్సిన బగ్‌ని ఆ రీట్రై మింగేస్తుంది.